పదకొండు పుట్టీల దానం

కరోనా తెరిపి ఇచ్చిన మరుసటి ఏడు, ఉగాది వెళ్లిన మూడో నాడు, నేను ఆదోనిలో మత్స్య అభివృద్ధి అధికారిగా చేరాను. పదవీ విరమణకు అప్పటికి రెండేళ్లు మిగిలి ఉన్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు చెరువులు, కుంటలు, వాటికి ఉత్తరాన తుంగభద్ర ఒడ్డు నా పరిధి. ‘రెండేళ్లు తుంగభద్రను నేనే కాపాడాను’ అని పెళ్లి పంక్తుల్లో పక్క విస్తరి వాళ్లకు చెబుతుంటాను. నిజానికి నేను కాపాడింది ఒక్క మడుగును. అది కూడా నేను ప్రమాదంలోకి నెట్టి, ఇతరులు బయటికి లాగుతుంటే ఒడ్డున నిలబడి చూసిన మడుగు.

మా శాఖలో నా కింద ఫీల్డుమన్, నా పైన సహాయ సంచాలకులు ఉంటారు. ఫీల్డుమన్ ఖాసిం వల విసరగలడు, ఈదగలడు, చేపను తోకపట్టి చూసి దాని వయసు చెప్పగలడు. నేను మంత్రాలయం దగ్గర గుడిసేవ చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. ముప్పై ఏళ్లు చేపలతో ఉద్యోగం చేసి ఒక్క చేపనూ నోట పెట్టలేదు. ఈత కూడా రాదు. ఈ రెండో సంగతి సర్వీసు రిజిస్టరులో ఎక్కడా రాయనక్కరలేకపోవడం నా అదృష్టం.

వేసవిలో ఆ నది నది కాదు. ఇసుక మధ్య అక్కడక్కడ మిగిలిన మడుగుల వరుస. నందవరం అవతల ఒక పల్లె దగ్గర ఉన్న మడుగును ఊరివాళ్లు ‘ఏడు నిలువుల మడుగు’ అంటారు. నేను కొలతదారం వేస్తే మూడు నిలువులకు అడుగు తగిలింది. నా తత్వానికి సరిపోయిన పేరని ముచ్చటపడ్డాను. ఎండలు ముదిరేకొద్దీ ఆ చుట్టుపక్కల నీటిలోని పెద్ద చేపలన్నీ అందులోకి చేరేవి. బొచ్చెలు, శీలావతులు, వాలుగలు. వీటినే మేము తల్లిచేపలు అంటాం. తొలకరి వరద తగలగానే అవి ఎదురెక్కి గుడ్లు పెడితేనే మరుసటి ఏడు నదిలో చేప ఉంటుంది. ఆ పల్లెలోని మత్స్యకార సంఘంలో ముప్పై కుటుంబాలు. మడుగులో తల్లిచేపలు పోతే ఆ ముప్పై ఇళ్లవాళ్లూ వలలు చుట్టి పత్తి చేలకు కూలికి పోవలసిందే.

ఆ మడుగుకు ముప్పు లాగుడు వల. బయటివాళ్లు నాలుగు బండ్లలో వచ్చి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వల పరచి, ఒక పూటలో మడుగు అడుగు ఊడ్చుకు పోయేవారు. అంతకు ముందు ఏడు అలాగే పక్క మడుగు ఖాళీ అయింది. నేను నోటీసు రాయగలను. నోటీసుకు వల చిక్కదు. నీటి అడుగున ఏదైనా అడ్డం ఉంటే చిక్కుతుంది. వల చిరిగిపోతే రెండోసారి రారు. అందుకని సంఘంవాళ్ల దగ్గర మూలనపడిన పాత పుట్టీలు తీసుకుని, రాళ్లు నింపి, మడుగులో ముంచాలని ఆలోచించాను. పుట్టి అంటే తెలియనివాళ్ల కోసం: వెదురు అల్లికతో చేసిన గుండ్రటి పడవ. అడుగున సంచిపట్ట చుట్టి తారు పూస్తారు. నాలుగైదేళ్లకు వెదురు సడలి ఓటిది అవుతుంది.

సంఘం అధ్యక్షురాలు సుంకులమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. మగవాళ్లతో సమానంగా పుట్టి నడుపుతుంది, ఎమ్మిగనూరు సంతలో చేపలు అమ్ముతుంది, మాటకు మాట వడ్డిస్తుంది. ఆమె ఇంటిముందు సమావేశం పెట్టాను. “పాత పుట్టీలుంటే నాలుగు ఇవ్వండి, మడుగులో ముంచాలి” అంటే అయిపోయేది. నేను నిలబడి గొంతు సవరించుకున్నాను. గోదానం, భూదానం, అన్నదానం అన్నీ వరసగా చెప్పి, వాటన్నిటికంటే గొప్పది పుట్టి దానమని, నదితల్లికి పుట్టి ఇచ్చినవాడి వంశంలో వల ఎండదని, శాస్త్రం అలా చెప్పిందని అన్నాను. ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఎందుకు కావాలో మాత్రం నేను చెప్పలేదు. బయటికి పొక్కితే దొంగలు జాగ్రత్తపడతారని ఖాసింతో అన్నాను. అసలు కారణం వేరు. ముంచే రోజున అందరి ముందూ ఒక్కసారిగా ప్రకటిస్తే బాగుంటుందనిపించింది.

ఇద్దరు ముగ్గురు ఇస్తారనుకున్నాను. వారం తిరిగి వెళ్లేసరికి ఇసుక మీద పదకొండు పుట్టీలు బోర్లించి ఉన్నాయి. నల్లగా, నిగనిగలాడుతూ, పసుపు కుంకుమలతో. ఎండలో నిలబడితే డీజిలు వాసన ముక్కుకు తగిలింది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు వాసన తగిలింది. ఫొటోలో బాగా వస్తాయని సంతోషించాను.

అక్కడ ఉరుకుందు అనే పెద్దాయన పుట్టీలు అల్లడంలో చెయ్యి తిరిగినవాడు. అరవై దాటాయి. ఊరంతా అతణ్ణి మామ అంటుంది. ముంచాలని నేను ప్రకటించగానే అతను ఒక్కసారి నా వైపు చూశాడు.

“ముంచేదానికా సార్?”

“అవును. నదితల్లి ఒడికి.”

అతను తలగుడ్డ సర్దుకున్నాడు. సుంకులమ్మ ఏదో అనబోయి ఆగింది. దానం ఇచ్చేసిన వస్తువును ఏం చేస్తావని అడగడం అక్కడ మర్యాద కాదని నాకు తరువాత తెలిసింది. పదకొండింటినీ నీటి మీదికి తోసి, రాళ్లు పేర్చి, ఒక్కొక్కటే ముంచారు. నేను ఫొటో తీసి సహాయ సంచాలకులకు పంపాను. ‘శభాష్’ అని జవాబు వచ్చింది.

మూడో నాడు పొద్దున్నే ఫోను మోగింది. సుంకులమ్మ. “సార్, సేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తాండాయి. పెద్దవి కూడా” అంది. రాత్రంతా నీటిలో ప్రాణవాయువు తగ్గుతుందని, తెల్లారగట్ల చేపలు పైకి రావడం మామూలేనని, ఎండ ఎక్కితే నాచు మళ్లీ వాయువు ఇస్తుందని, అప్పుడు లోపలికి పోతాయని పాఠం చెప్పాను. పాఠం తప్పు కాదు. ఆమె మళ్లీ పదింటికి చేసింది.

“పొద్దు నెత్తికొస్తాంది సార్. మీ పాఠం సేపలకు అర్థమైనట్టు లేదు. నీళ్ల మీద నెమలీక రంగు తేలతాంది. వస్తారా, లేక ఫోన్లోనే దినం పెట్టేద్దామా?”

నెమలీక రంగు అనగానే ఇసుక మీద ముక్కుకు తగిలిన డీజిలు వాసన గుర్తొచ్చింది. నీటి మీద ఆ రంగు నూనెకు తప్ప రాదు. మూడు గంటలు నా పాఠంలో పోయాయి. ఖాసింను బండి వెనక ఎక్కించుకుని బయలుదేరాను. ఆదోని నుంచి నదికి నలభై నిమిషాల్లో వెళ్లానని చెప్పుకుంటాను. గంటంబావు పట్టింది.

మడుగు పైతట్టున, ఇసుకలోంచి ఊట వచ్చే మూల, చేపలు గుంపుగా తేలి ఉన్నాయి. నా మోకాలంత బొచ్చెలు. మూతులు నీటి పైన పెట్టి, తెరిచి మూస్తూ, పక్కన మనిషి నిలబడినా కదలని స్థితిలో. కొర్రమీను అయితే పైగాలి పీల్చి బతుకుతుంది. వీటికి ఆ వీలు లేదు. చిన్నవి అప్పటికే వెల్లకిలా తేలుతున్నాయి. గట్టున ఊరంతా ఉంది.

నీటి పరీక్ష పెట్టె తీశాను. మూత బిగుసుకునే గాజు సీసాలో మడుగు నీరు బుడగ లేకుండా నింపి, రెండు మందులు చుక్కలుగా వేసి ఊపితే, ప్రాణవాయువు ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఎంత ముదురు రంగైతే అంత వాయువు. పుట్టీలు మునిగిన చోట తీసిన సీసాలో విరిగిన పాలలాంటి తెల్లటి మడ్డి దిగింది. ఊట మూలన తీసిన దానిలో పలుచటి చాయ్ రంగు. ఖాసిం రెండు సీసాలనూ ఎండకు పట్టి చూసి, “సార్, మధ్యాహ్నం దాటితే ఇదీ తెల్లనవుతుంది” అన్నాడు. నీరు వేడెక్కేకొద్దీ వాయువును నిలుపుకోలేదు. మాకు ఉన్నది మూడు నాలుగు గంటలు.

“పుట్టీలకు ఏం పూశారు?” అని అడిగాను.

ఉరుకుందు ముందుకు వచ్చాడు. “డాంబరు సార్. కొత్తది. బిర్రుగా ఉంటే ఎక్కదని డీజిలు కలిపినాము. పదకొండింటికీ నేనే పూసినా.”

“పాతవి చాలు కదయ్యా, ఎందుకు పూశావు?”

“దానమంటిరి కద సార్! ఓటిది దానమిస్తారా యాడన్నా? గుడికి సొట్ట సెంబు ఇస్తారా మీరు?” తారు అంటిన అరచేతులు నా ముందుకు చాపాడు. “ముంచేదానికని ముందే సెప్పింటే పూసేవాణ్ణి కాదు. తుక్కు తుక్కుగానే ఇచ్చేవాణ్ణి.”

సహాయ సంచాలకులకు ఫోను చేశాను. విని, “స్థలంలో ఉన్నది నువ్వు, తగిన నిర్ణయం తీసుకో” అన్నారు. మా శాఖలో ఆ వాక్యానికి అర్థం, తప్పయితే నీది అని. పుట్టీలను తీయాలా వద్దా అన్నది తేలలేదు. రాళ్లతో నిండిన పుట్టీలను తాళ్లతో లాగితే అడుగు బురద లేచి ఉన్న వాయువును కూడా తినేస్తుంది. ఉంచితే డీజిలు ఊరుతూనే ఉంటుంది, పైగాలిని నీటిలో కలవనివ్వదు. ఏ చేతిపుస్తకంలోనూ ఈ సంగతి లేదు. గట్టున అందరూ నా నోటికేసి చూస్తున్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏదో ఒకటి చెప్పకుండా ఉండటం నాకు అలవాటు లేదు.

“నాకు తెలియడం లేదమ్మా” అన్నాను.

సుంకులమ్మ కొంగు నడుముకు దోపింది. “తెలీదని సెప్పినారు కద, ఆడికి సగం మేలు. ఇంక మేం సెప్పేది ఇనండి సార్. లాగేది వద్దు. మునిగి రాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెడితే, పుట్టి ఎదురుబద్ద కద, అదే తేలి పైకొస్తాది. బురద లేయదు.”

ఆ మాటతో అందరూ కదిలారు. పని చేసే మంచి పుట్టీలన్నిటినీ సుంకులమ్మ ఊట మూలకు నడిపించింది. ఒక్కో దానిలో ఇద్దరు. పుట్టిని గిరగిర తిప్పడం, తెడ్లతో నీటిని బాదడం. నీరు చింది గాలి కలవాలని. చేపలు మొదట బెదిరాయి, కాసేపటికి ఆ నురగ దగ్గరికే వచ్చాయి. “తిప్పండప్పా, జాతరలో తిప్పినట్టు తిప్పండి! కళ్లు తిరిగినోళ్లు దిగండి, ఇంకొకరెక్కండి!” అని ఆమె ఇసుక మీద నుంచి అరుస్తోంది.

నూనె పొర ఊట మూల వైపు జరుగుతోంది. దాన్ని ఆపాలి. గింజతీయని పత్తి నూనెను పీల్చుకుని నీటిని పీల్చదని నేను కనిపెట్టానని చాలా చోట్ల చెప్పాను. పత్తి పేరు ఎత్తింది ఉరుకుందు. వానలో తడిసిన చేనులో పత్తి పైపైన తడి కాదు కానీ, దీపం నూనె పడితే ఒక్క గుక్కలో తాగుతుంది, చూడలేదా సార్ అన్నాడు. ఊళ్లో అడగడం మాత్రం నా పని. ఈసారి గొంతు సవరించుకోలేదు. “ధర రాక మూలన పడేసిన మచ్చపత్తి ఎవరి దగ్గరైనా ఉంటే కావాలి. నీటి మీద నూనె తీయడానికి. తిరిగి రాదు” అన్నాను. అంతే. అరగంటలో చివరి తీత పత్తి, ఆకూ పుల్లా కలిసినది, ఎనిమిది మూటలు వచ్చాయి. ఆడవాళ్లు పాత చీరల్లో దాన్ని దిండులా పొడవునా కుక్కి కట్టారు. దాన్ని మడుగుకు అడ్డంగా పరచి, రెండు గట్ల నుంచి మెల్లగా జరుపుకుంటూ పోతే, ఆ దిండు వెనుక నీరు తేటగా, ముందు నెమలీక రంగుగా కనిపించింది.

మునగడానికి ఉరుకుందు చొక్కా విప్పాడు. వయసు చూసుకోమన్నాను. “పూసిన సెయ్యి నాదే సార్” అన్నాడు. అతనితో ఖాసిం, ఇంకో నలుగురు. ఒక్కసారి మునిగితే మూడు నాలుగు రాళ్లు. పైకి వచ్చి దమ్ము తీసుకుని మళ్లీ. మొదటి పుట్టి తేలడానికి అరగంట పట్టింది. తరువాత చెయ్యి కుదిరింది. తేలిన దాన్ని తేలినట్టే ఎత్తి ఇసుక మీదికి మోసేవారు. నేను సీసాలు నింపుతూ, గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండింటికి ఊట మూల సీసాలో కూడా రంగు సగానికి పడిపోయింది. ఒక పెద్ద బొచ్చె పక్కకు ఒరిగింది. సుంకులమ్మ నడుములోతు నీటిలోకి దిగి దాన్ని రెండు చేతులతో నిలబెట్టి, మూతి నురగలో పెట్టి అలాగే పట్టుకుంది.

ఏడో పుట్టి దగ్గర ఉరుకుందు మునిగాడు. నేను మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను. మామూలుగా నలభైలోపు తల కనిపించేది. డెబ్బై దాటాను. పుట్టి ఒక్కసారిగా బోర్లా తేలింది, మనిషి లేడు. తెడ్లు ఆగిపోయాయి. ఖాసిం మునిగి వట్టి చేతులతో పైకి వచ్చాడు. నేను లేచి నీటి అంచుదాకా వెళ్లాను. ‘దూకబోయాను, పట్టుకుని ఆపారు’ అని నా భార్యకు చెప్పాను. ఎవరూ పట్టుకోలేదు. చెప్పులు తడిసిన చోటే నిలబడిపోయాను.

బోర్లా ఉన్న పుట్టి లోపలి నుంచి టకటకమని చప్పుడు. నలుగురు పట్టి ఎత్తితే, లోపల చిక్కిన గాలిలో తల పెట్టుకుని ఉరుకుందు. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. గట్టుకు తీసుకురాగానే నీరు, డీజిలు కలిసి కక్కాడు.

“మమ్మల్ని సంపాలనుకుంటివా మామా?” సుంకులమ్మ చేప వదలకుండానే అరిచింది.

“లోపల నీడగా ఉందిలేమ్మే. మీ ఎండకంటే నయం.”

ఆమె ఒక్క క్షణం నవ్వి, వెంటనే మొహం తిప్పుకుంది. అతణ్ణి మళ్లీ దిగనివ్వలేదు. మిగిలిన నాలుగింటినీ తక్కినవాళ్లు తీశారు. పొద్దు వాలేలోపు పదకొండూ ఇసుక మీద ఉన్నాయి. తెడ్ల బాదుడు ఇంకో గంట సాగింది. చివరి సీసాలో మడ్డి లేత గోధుమరంగుకు తిరిగింది. చేపలు ఒక్కొక్కటే మూతులు దించి నీటి కిందికి పోయాయి. అన్నీ పోలేదు.

మరునాడు పొద్దున చచ్చినవాటిని ఏరారు. చిన్నవి గంపలకొద్దీ. తల్లిచేపలు పంతొమ్మిది. సుంకులమ్మ నీటిలో పట్టుకుని నిలిపిన బొచ్చె వాటిలో ఒకటి. కడుపు నిండా గుడ్లు. డీజిలు తగిలిన చేప తినడానికి పనికిరాదు, అమ్మడానికి వీల్లేదని చెప్పవలసింది నేనే. చెప్పాను. ఇసుకలో గుంత తీసి పూడ్చారు. మిగిలినవి ఎన్నో అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆదోనికి వచ్చి నివేదిక రాశాను. ‘వేసవి వేడిమి కారణంగా స్వల్ప నష్టం.’ సంతకం పెట్టి పంపించాను. రెండు రోజులు ఆగి, రెండో నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాను. దానికి నా ఇంక్రిమెంటు ఆపారని చెప్పుకుంటాను. ఆపలేదు. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను, ఫైలు మూసుకుంది.

తేలవలసింది ఇంకొకటి ఉంది. మడుగుకు అడ్డం లేదు, దొంగ వలలు వచ్చే కాలం అదే. ఒడ్డున పదకొండు గట్టి పుట్టీలు ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకుని వాడుకోండి అన్నాను. ఇచ్చిన దానం వెనక్కి తీసుకోబోమని ఒక్కరూ కదల్లేదు. ఉరుకుందు అయితే చెవులు మూసుకున్నాడు. నేను ఈసారి సలహా ఇవ్వలేదు, ఏం చేద్దామని అడిగాను. సుంకులమ్మ చెప్పింది: తారు వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఉంచాలి, ఆ తరువాత మడుగు మీద తేలేటట్టు అడ్డంగా లంగరు వేసి తాళ్లతో కలిపి కట్టాలి. తాళ్ల మధ్య వల పారదు. ఇంటికి ఒకరి చొప్పున, వరద వచ్చేదాకా, వంతులవారీగా వాటిలో కూర్చుని కాపలా. అడుగున ముంచవలసింది తుమ్మకంప, అది ఎవరూ పసుపు రాసి ఇవ్వరు. అలాగే చేశారు. ఆ వేసవిలో బండ్లు రెండుసార్లు వచ్చి, గట్టు మీద నుంచి చూసి, వెనక్కి తిరిగాయి. ఆషాఢంలో ఎర్రనీరు దిగిన రోజున పెద్ద చేపలు ఎదురెక్కుతున్నాయని సుంకులమ్మ ఫోను చేసింది. ఎన్ని అని అడిగాను. “లెక్కపెట్టేదానికి నిలబడతాయా సార్ అవి?” అంది. మరుసటి ఏడు వలల్లో చేప తగ్గింది. పోలేదు. ముప్పై ఇళ్లలో నాలుగిళ్లవాళ్లు కూలికి పోయారు.

ఈ సంగతి విని జలాశయాల్లో పడవలు నడిపేవాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోను చేసి, నీటి జీవాల కోసం ఏదైనా ఇవ్వాలనుంది, ఎలా ఇవ్వాలని అడుగుతారు. ఒడ్డున ఉండేవాళ్లను ముందు అడగమంటాను. పడవ నడిపేవాడు ఇవ్వగలిగినదాంట్లో విలువైనది చాలాసార్లు అతని పడవా, అతని ఒక పూట పనీ. డబ్బు ఇచ్చినా, వస్తువు ఇచ్చినా, దేనికి వాడతారో తెలుసుకోకుండా ఇవ్వవద్దంటాను. అడిగేవాడికి కూడా ఒక నియమం ఉంది. ఏ వస్తువు కావాలి, ఏ స్థితిలో కావాలి, దేనికి కావాలి, ఈ మూడూ చెప్పాలి. నేను మొదటిది ఒక్కటే చెప్పాను.